నీలి నక్క డ్రెస్సు కుట్టిన మాస్టర్

జాకెట్లు, లంగాలు, గౌన్లు నలభై ఏళ్లు నేనే కుట్టుకున్నదాన్ని. అందుకే వేరే టైలర్ల పని నాకు ఓ పట్టాన నచ్చదు. ఈసారి శుక్లాల ఆపరేషనై నెల కూడా కాలేదు, డాక్టరు కుట్టుమిషన్ జోలికి వెళ్లొద్దన్నారు. సరిగ్గా అప్పుడే మూడో తరగతి చదివే మా మనవడికి స్కూల్ నాటకంలో నక్క వేషం వచ్చింది. మామూలు నక్క అయితే గొడవే లేదు. ఇది నీలిమందు తొట్టిలో పడి, నీలంగా లేచి అడవికి రాజైపోయే నక్క. అంటే స్టేజి మీదే రంగు మారాలి.

ముందు డ్రెస్సులు అద్దెకిచ్చే ఒక షాపుకి వెళ్లాం. సింహం, పులి, కుందేలు, చెట్టు కూడా ఉన్నాయి. నక్క ఒక్కటే ఉంది, దానికి జిప్పు పోయింది, లోపల చెమట వాసన. అద్దె 500, డిపాజిట్ 1,000. పైగా అది నీలం అవ్వదు కదా! దండం పెట్టి బయటికొచ్చేశాం.

మల్కాజిగిరిలో మా పక్క వీధి సందులో ఒక మాస్టర్ ఉన్నారు. బోర్డు లేదు, ఒకటే గది, రెండు మిషన్లు, అంచులు పోగులు పోకుండా కుట్టే ఒక ఓవర్‌లాక్ మిషన్. ఈ రివ్యూ ఆయన గురించే.

నేను వెళ్లగానే చెప్పేశాను, గోధుమరంగు డ్రెస్సు మీద నీలం కోటు, వెనక వెల్క్రో పెట్టండి, తొట్టిలో టక్కున తొడుక్కుంటాడు అని. ఆయన టేపు మెళ్లోనే ఉంచుకుని, మనవణ్ణి అడిగారు: "నక్క ఏం చేస్తది బేటా? నడుస్తదా, పాకుతదా, దూకుతదా?" వాడు షాపులోనే పాకి చూపించాడు, ఊళ కూడా వేశాడు. అప్పుడు కొలతలు తీశారు, నిలబెట్టి ఒకసారి, గొంతుకూర్చోబెట్టి ఇంకోసారి. ఇన్నేళ్లలో నేనెప్పుడూ పిల్లల్ని కూర్చోబెట్టి కొలత తీయలేదు, నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గేసింది.

వెల్క్రో వద్దన్నారు. మైకు పెడితే చర్రుమని హాలంతా వినబడుతుందట. "పిల్లలు చొక్కా విప్పితే ఎట్లైనా తిరగేసే వస్తది కదమ్మా. అదే పనికొస్తది" అన్నారు. బయట గోధుమరంగు, లోపల నీలం, మోకాళ్ల దాకా వదులు గౌను. గుండీలు లేవు, జిప్పు లేదు, మెడకి ఎలాస్టిక్. తొట్టిలో కూర్చుని తల మీంచి లాగితే దానంతట అదే తిరగబడుతుంది, మళ్లీ తొడుక్కుని లేవడమే. ఇంట్లో మొదటిసారి అరనిమిషం పట్టింది. నాలుగు రోజులు ప్రాక్టీసు చేశాక వాడు పన్నెండు అంకెలు లెక్కపెట్టేలోపు లేచేవాడు. ప్రాక్టీసుకి నా పాత నైటీ బలైంది.

గుడ్డ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్నాం. నేను శాటిన్ అనుకున్నాను, మెరుస్తుందని. ఆయన ముందే క్రేప్ తెమ్మన్నారు. శాటిన్ మిషన్ కింద జారుతుంది, అంచులు పోగులు పోతాయి, తొందరలో లాగితే కుట్టు దగ్గర విచ్చుకుంటుంది. అది నాకూ తెలుసు, అయినా మెరుపు చూస్తే మనసాగదు. 44 అంగుళాల పన్నా క్రేప్, మీటరు 120, రెండు రంగులూ ఒకటిముప్పావు చొప్పున తీసుకున్నాం.

చెవులు గౌనుకి కుట్టలేదు, తిరగేస్తే లోపలికి పోతాయి కాబట్టి హెయిర్‌బ్యాండ్‌కి కుట్టారు. తోకకి ఫర్ క్లాత్. దాన్ని కత్తెరతో కాకుండా వెనకవైపు నుంచి బ్లేడుతో కోశారు, లేకపోతే బొచ్చు తెగి గదంతా ఎగురుతుంది. తోకని ప్యాంటుకి కుడితే బరువుకి ప్యాంటు జారుతుంది, అందుకని విడిగా నడుముకి ఎలాస్టిక్ పట్టీ. అన్నిటికన్నా నాకు నచ్చింది అంచు కుట్టు. పైన గోధుమరంగు దారం, కింద బాబిన్‌లో నీలం దారం. ఎటు తిప్పినా ఏ రంగు దారం ఆ రంగు గుడ్డ మీదే పడింది. నా కొత్త కన్నుతో భూతద్దం పెట్టి మరీ వెతికాను, ఎక్కడా తేడా లేదు.

ఇక తప్పులు. గురువారం ఇస్తానన్నారు, చేతికొచ్చింది శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి. ఆదివారం నాటకం! మా అమ్మాయికి బీపీ పెరిగింది, నాకైతే టెన్షన్‌తో అన్నం దిగలేదు. అంతకుముందు ట్రయల్ వేసినప్పుడు మెడ ఎలాస్టిక్ బిగువై ఎర్రగా వాత పడింది, ఒక అంగుళం వదులు చేయించాం. ఫోన్ ఎత్తరు, మనమే వెళ్లి నిలబడాలి. బిల్లు ఇవ్వరు.

ఇంకో తప్పు ఉంది గానీ అది ఆయనదొక్కరిదే కాదు, మా అందరిదీ. గౌను నీలం అయింది, తోక గోధుమరంగులోనే ఉండిపోయింది. స్టేజి మీద నక్క రాజుగారిలా వెనక్కి తిరగ్గానే హాలంతా గొల్లుమంది. చివర్లో నక్క ఊళ వేసి దొరికిపోవాలి, మావాడు తోకతో ముందే దొరికిపోయాడు. టీచరు మాత్రం "ఐడియా భలే ఉందండీ" అన్నారు. మేమేం మాట్లాడలేదు.

కుట్టుకూలి గౌనుకి 700, తోకకీ చెవులకీ కలిపి 150. క్రేప్ 420, ఫర్ 180. మొత్తం 1,450 అయింది. అద్దెతో పోలిస్తే ఎక్కువే, కానీ లోపల రెండంగుళాల గుడ్డ మడిచి ఉంచారు, వచ్చే ఏడాది విప్పుకోవచ్చు.

నేను ఐదుకి నాలుగిస్తాను. వెళ్లేవాళ్లు ఆయనకి నాటకం తేదీ వారం ముందుకి జరిపి చెప్పండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్తారు, మూడు దాకా షాపు మూసే ఉంటుంది. డిసెంబర్, జనవరిలో స్కూల్ డేల రద్దీ, అప్పుడు అసలు ఒప్పుకోరు.

అన్నట్టు, డ్రెస్సుతో పాటు ఒక కవరు కూడా ఇచ్చారు. "ఒకటింపావు సరిపోయిందమ్మా" అన్నారు. రెండు రంగుల్లోనూ మిగిలిన అర మీటరు గుడ్డ, ఫర్ పీలికలతో సహా, అడక్కుండానే మడతపెట్టి ఉంది.