వీడీఐ సర్వర్లో గ్రాఫిక్స్ కార్డు: పంచాలా, ఒక్కరికే ఇవ్వాలా, అసలు వద్దా?

వర్చువల్ డెస్క్‌టాప్‌లు (వీడీఐ, అంటే అందరి కంప్యూటర్లూ ఒక సర్వర్‌లోనే నడిచి, తెర మాత్రం యూజర్ ముందు కనిపించే ఏర్పాటు) పెడదామనుకున్న ఏ ఆఫీసులోనైనా ముందు అడిగేది "గ్రాఫిక్స్ కార్డు కావాలా?" అనే. కొటేషన్‌లో కొట్టొచ్చినట్టు కనిపించే ధర దానిదే మరి. నన్నడిగితే ఆ ప్రశ్నకు జవాబు ర్యామ్ దగ్గర వెతకాలి. కార్డు పెట్టగానే ర్యామ్ లెక్క మొత్తం మారిపోతుంది. వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ (ఒకే సర్వర్‌ను చాలా వర్చువల్ మెషీన్లుగా, అంటే వీఎంలుగా, విడగొట్టే హైపర్‌వైజర్ సాఫ్ట్‌వేర్) మీద 512 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్, ఒక్కో డెస్క్‌టాప్‌కు 8 జీబీ అనుకుని చూద్దాం. (విండోస్ 11కు కనీసం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ చెప్పేది ఇన్‌స్టాల్ అవడానికి. బ్రౌజర్, టీమ్స్ తెరిచాక ఆ 4 జీబీతో పని చేయమంటే యూజర్లు మన సీటు దగ్గరికే వస్తారు.)

కార్డు లేకుండా

తెర మీద బొమ్మ గీసే పనంతా సీపీయూ మీద పడుతుంది. డేటా ఎంట్రీ, ట్యాలీ, మెయిల్, ఎక్సెల్ వాడేవాళ్లకు ఇది చాలు. మీడియా ఆప్టిమైజేషన్ (ఆడియో, వీడియో పనిని సర్వర్ నుంచి తప్పించే సదుపాయం) పెట్టుకుంటే వీడియో కాల్ భారాన్ని కూడా యూజర్ ముందున్న మెషీనే మోస్తుంది. ఇబ్బంది పెద్ద తెరలతో వస్తుంది. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఫుల్ హెచ్‌డీ తెరకు ఒక్కో ఫ్రేముకు 8 ఎంబీ పైచిలుకు. 4కె తెరకు దానికి నాలుగింతలు, అంటే 33 ఎంబీ. అలాంటి తెరలు రెండేసి ఉండి, బ్రౌజర్‌లో శిక్షణ వీడియోలు ఆడుతుంటే సీపీయూ చేతులెత్తేస్తుంది.

ఈ దారిలో ఉన్న అసలు లాభం ఓవర్‌కమిట్, అంటే ఉన్న ర్యామ్ కన్నా ఎక్కువ పంచిపెట్టడం. అందరూ తమ 8 జీబీని ఒకేసారి పూర్తిగా వాడరు కాబట్టి 512 జీబీలో 72 డెస్క్‌టాప్‌లు, అంటే 576 జీబీ సర్దొచ్చు. నేనైతే అంతకు మించి పోను. ఒకేలాంటి పేజీలను (మెమరీలోని చిన్న ముక్కలను) వీఎంల మధ్య పంచుకునే సదుపాయాన్ని భద్రతా కారణాలతో 2014 చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లలో డిఫాల్ట్‌గా ఆపేశారు. పైగా విండోస్ బూట్ అయ్యేటప్పుడు తన మెమరీ మొత్తాన్నీ సున్నాలతో తుడుస్తుంది, అంటే కాసేపు తన వాటా మొత్తాన్నీ తాకుతుంది. పొద్దున్నే అందరూ ఒక్కసారిగా లాగిన్ అయితే సర్వర్ మీద ఒత్తిడి అప్పుడే తెలుస్తుంది. బెలూనింగ్ (వీఎంలు వాడని ర్యామ్‌ను వెనక్కి తీసుకోవడం) వరకు సర్దుకోవచ్చు గానీ, హోస్ట్ స్వాప్ (ర్యామ్ చాలక సర్వర్ డిస్క్‌ను మెమరీగా వాడడం) మొదలైతే మౌస్ కదలడం కూడా భారమే.

కార్డును పంచితే

ఎన్‌విడియా ఏ16 కార్డు ఇలాంటి పనికోసమే వచ్చింది. అందులో నాలుగు జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు), ఒక్కోదానికి 16 జీబీ, మొత్తం 64 జీబీ. ఒక్కొక్కరికి ఎంత గ్రాఫిక్స్ మెమరీ దక్కాలో చెప్పేది ప్రొఫైల్. 1 జీబీ ఇచ్చే 1బి ప్రొఫైల్‌తో 64 మంది, 2బి అయితే 32 మంది. గ్రాఫిక్స్ మెమరీ ఎవరిది వాళ్లకే. లెక్కలు చేసే శక్తిని మాత్రం వంతులవారీగా పంచుకుంటారు, పక్కవాళ్లు ఖాళీగా ఉంటే వాళ్ల వంతు కూడా మనకే దక్కుతుంది. అందుకే ప్రొఫైల్ ఎంచేటప్పుడు తెరలు, యాప్‌లు ఎంత మెమరీ తింటాయో చూడాలి. ఫుల్ హెచ్‌డీ తెరలు రెండు ఉంటే 1బితో మొదలుపెట్టొచ్చు. 4కె తెరలైతే నేరుగా 2బి.

అసలు మెలిక ఇక్కడుంది. వీజీపీయూ (పంచిన కార్డులో ఒక వాటా) తగిలించిన వీఎంకు దాని ర్యామ్ మొత్తం రిజర్వ్ చేయాల్సిందే (దానికే కేటాయించి పెట్టాల్సిందే), లేకపోతే ఆన్ కాదు. ఓవర్‌కమిట్ ముచ్చట ముగిసింది. కార్డు 64 మందికి సరిపోతుంది, కానీ 64 ఎనిమిదులు 512. హైపర్‌వైజర్‌కు ఏమీ మిగలదు. 60 దగ్గర ఆగాలి, లేదంటే ర్యామ్ 768 జీబీకి పెంచాలి. కార్డు కొటేషన్ పక్కన ఈ ర్యామ్ ఖర్చును ఎవరూ రాయరు. ఒకేసారి వాడేవారి సంఖ్యను బట్టి కట్టాల్సిన లైసెన్సు రుసుము దీనికి అదనం.

సర్వర్ ఒకటి పడిపోయిన రోజున తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కార్డు లేని చోట దాని డెస్క్‌టాప్‌లు మిగతా సర్వర్లలో ఇరుక్కుని, నిదానంగానైనా లేస్తాయి. వీజీపీయూ ఉన్న చోట రిజర్వ్ చేయడానికి ర్యామ్, కార్డులో ఖాళీ స్లాటు, రెండూ దొరకాలి. ఏ ఒక్కటి లేకపోయినా డెస్క్‌టాప్ లేవదు. నాలుగు సర్వర్లు కొంటే మూడింటికి సరిపడా యూజర్లనే పెట్టుకోవాలి.

ఒక్కరికే ఇస్తే

పాస్‌త్రూలో జీపీయూ మొత్తం ఒక్క వీఎందే. ర్యామ్ రిజర్వేషన్ దీనికీ తప్పదు, వీమోషన్ (నడుస్తున్న వీఎంను ఆపకుండా వేరే సర్వర్‌కు మార్చడం) ఉండదు. సర్వర్ మెయింటెనెన్స్ అంటే ఆ యూజర్ పని ఆపుకోవాల్సిందే. రెవిట్, సాలిడ్‌వర్క్స్ లాంటి త్రీడీ పనులకు కూడా క్యూ ప్రొఫైళ్లలో (త్రీడీ పనుల కోసం ఉన్న వీజీపీయూ ప్రొఫైళ్లు) పెద్దది ఇవ్వడమే నాకు నచ్చుతుంది. వేగంలో తేడా పెద్దగా తెలియదు, వీమోషన్ దక్కుతుంది. వీజీపీయూ సపోర్టు లేని కార్డు చేతిలో ఉంటేనే పాస్‌త్రూ.

మరి ఏది?

ఆఫీసు పనికి, ఒక తెరకు, కార్డు వద్దు. ఆ డబ్బుతో ర్యామ్ కొనండి. రెండు తెరలు, రోజంతా వీడియో, బరువైన వెబ్ యాప్‌లు అయితే పంచిన కార్డు, ర్యామ్‌కు సరిపడా బడ్జెట్ ఉంటేనే. చాలాచోట్ల రెండు రకాల యూజర్లూ ఉంటారు. వాళ్లందరినీ ఒకే సర్వర్‌లో కలపకండి. రిజర్వ్ చేసిన వీఎంలు తమ ర్యామ్‌లో ఒక్క పేజీ కూడా వదలవు, ఒత్తిడి వచ్చినప్పుడు స్వాప్‌లోకి వెళ్లేది కార్డు లేనివాళ్ల మెమరీయే.