ఫిల్మ్ సిటీ: చిన్నప్పుడు వేరు, ఇప్పుడు వేరు

రామోజీ ఫిల్మ్ సిటీకి చిన్నప్పుడు వెళ్తే ప్రాణమంతా అక్కడి పిల్లల ఆటల చోటు ఫండుస్తాన్ మీదే ఉంటుంది, టూర్ బస్సులో గైడ్ ఏం చెప్తున్నాడో ఎవరికి కావాలి, పైగా అక్కడ కనిపించే రైల్వే స్టేషన్ నిజమైందే అనుకుంటాం. పెద్దయ్యాక అదే స్టేషన్ దగ్గర దిగి, బోర్డు మీద ఊరి పేరు మార్చేస్తే చాలు ఇంకో సినిమాకి ఇంకో ఊరైపోతుందని తెలుసుకోవడంలోనే అసలు మజా. గోడ మీద వేలితో కొట్టి చూస్తాం, రాయా ప్లాస్టరా అని!

రైడ్ల సంగతికొస్తే మాత్రం పిల్లలదే రాజ్యం. అప్పుడు ఎత్తు చాల్లేదని గేటు దగ్గర ఆపితే ఏడుపు. ఇప్పుడు ఎత్తుంది, డబ్బులున్నాయి, తిరిగే రైడ్ ఒక్కటెక్కితే కడుపులో దేవేస్తుంది, నడుం సంగతి చెప్పనే అక్కర్లేదు. నన్నడిగితే రెండోసారి వెళ్లడమే మేలు, కాకపోతే ఎండాకాలం వద్దు.