వోల్టు విద్యుత్ పరిధి: టోల్‌వే మీద ఆరేళ్ళ అనుభవం

2019లో అప్పటికే రెండేళ్ళు తిరిగిన 2017 మోడలు షెవర్లే వోల్టును, అంటే ప్లగ్గుతో ఛార్జి చేసుకునే బ్యాటరీ, అది అయిపోతే అందుకునే పెట్రోలు ఇంజను రెండూ ఉన్న కారును, కొన్నప్పుడు నేను వేసుకున్న లెక్క చాలా చిన్నది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మా ఇంటి నుంచి ఇర్వింగ్‌లో, లాస్ కొలినాస్ ప్రాంతంలోని ఆఫీసుకు సుమారు 25 మైళ్ళు, రానూపోనూ 50. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఈ కారుకు కేవలం విద్యుత్తు మీద నడిచే పరిధిగా ప్రకటించినది 53 మైళ్ళు, అంటే 85 కిలోమీటర్లు. మూడు మైళ్ళు మిగులు కూడా కనిపిస్తూండడంతో, ఆఫీసు ప్రయాణానికి ఇక పెట్రోలు అవసరమే ఉండదని నమ్మాను. మొదటి వారంలోనే, ఇల్లు ఇంకా ఏడు మైళ్ళుందనగా బ్యాటరీ అయిపోయి ఇంజను అందుకుంది. మర్నాడు కూడా దాదాపు అదే చోట అందుకుంది. బ్యాటరీ పాడైందేమోనని నాలుగు రోజులు కారును అనుమానించాను గాని, తప్పు నా కూడికలోనే ఉంది.

ఈపీఏ ప్రకటించే అంకె ఊళ్ళో నడపడాన్నీ, హైవే మీద నడపడాన్నీ 55, 45 పాళ్ళలో కలిపి తేల్చేది. నా దారిలో ఎక్కువ భాగం శామ్ రేబర్న్ టోల్‌వే. అక్కడ వేగపరిమితి గంటకు 70 మైళ్ళు. దారి ఖాళీగా ఉంటే బండ్లన్నీ 75లో పోతూంటాయి. అది 120 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద అనుమతించే గరిష్ఠ వేగం. గాలి వెనక్కు నెట్టే బలం వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 60 నుంచి 75కు పోతే మైలుకు గాలితో పెనుగులాడడానికి అయ్యే శక్తి 56 శాతం పెరుగుతుంది. పెట్రోలు కార్లకు అలవాటు పడ్డవారికి ఇది తలకిందులుగా తోస్తుంది, ఎందుకంటే ఊళ్ళో తక్కువ, హైవే మీద ఎక్కువ మైలేజీ రావడం మనందరికీ తెలిసిన విషయం. పెట్రోలు ఇంజను సిగ్నళ్ళ దగ్గర ఊరికే తిరుగుతూ, తక్కువ భారం మీద ఇంధనం వృథా చేస్తూ ఊళ్ళో నష్టపోతుంది. విద్యుత్ మోటారుకు ఆ దుబారా లేదు. పైగా బ్రేకు వేసినప్పుడల్లా కొంత విద్యుత్తు బ్యాటరీకి తిరిగి వస్తుంది. హైవే మీద బ్రేకు వేసే పనే ఉండదు కనుక ఆ రాబడి కూడా ఉండదు.

వోల్టు బ్యాటరీ సామర్థ్యం 18.4 కిలోవాట్ అవర్లు, మన వాడుకలో 18.4 యూనిట్లు. బ్యాటరీ మన్నిక కోసం కారు అందులో సుమారు 14 యూనిట్లు మాత్రమే వాడనిస్తుంది. పూర్తి ఛార్జింగ్ తరవాత ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో తెర మీద కనిపిస్తుంది కాబట్టి లెక్క రాసుకోవడం తేలిక. ఎండా చలీ లేని అక్టోబరు రోజుల్లో 75 మీద నడిపితే నాకు 43 మైళ్ళు వచ్చాయి. 70 మీద 47, 65 మీద 51. రోడ్డు పనుల వల్ల కొన్ని వారాలు అందరం 60కి దిగి నడిపినప్పుడు 55 వచ్చాయి. ప్రకటించిన అంకెను నేను దాటింది ఆ వారాల్లోనే. మిగిలిన పరిధి అంటూ ఎదురుగా ఆకుపచ్చగా కనిపించే అంకెను మాత్రం నమ్మడం మానేశాను, ఎందుకంటే అది ఇటీవల నడిపిన తీరును బట్టి వేసే అంచనా. శనాదివారాల్లో ఊళ్ళోనే తిరిగితే సోమవారం ఉదయం 60 చూపిస్తుంది. టోల్‌వే ఎక్కాక మంచుగడ్డలా కరుగుతుంది.

65 మీద 51 మైళ్ళంటే ఇంజను లేకుండా ఇంటికి చేరవచ్చన్నమాట. టోల్‌వే మీద నేను నడిపేది 20 మైళ్ళు కనుక 75కు బదులు 65లో పోతే ఒక్కో వైపు రెండున్నర నిమిషాలు ఆలస్యమవుతుంది. కుడి వరుసలో లారీల వెనక ఓపికగా పోవాలి. మా ఆవిడ దాన్ని ఎద్దుబండి వరుస అంటుంది. ఆ ఏడు మైళ్ళకు ఖర్చయ్యే పెట్రోలు రోజుకు అర డాలరు కూడా కాదు, ఏడాది మొత్తం మీద సుమారు 40 గ్యాలన్లు. డబ్బు కోసమైతే ఇంత తాపత్రయం అక్కరలేదని ఒప్పుకుంటాను. ఇంజను తాకకుండా ఇల్లు చేరడంలో ఒక పిచ్చి తృప్తి ఉంది, అంతే.

వాతావరణం చేసే మార్పు వేగం చేసే మార్పుకు తీసిపోదు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గర పడిన జనవరి ఉదయాల్లో, హీటరు వేసుకుని 75 మీద నడిపితే 33 మైళ్ళకు మించి రాలేదు. బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే హీట్ పంపు ఈ కారులో లేదు; లోపలి వెచ్చదనమంతా విద్యుత్తుతో నీటిని కాచి తెచ్చేదే. దానికి తోడు సున్నా డిగ్రీల గాలి 35 డిగ్రీల గాలి కన్నా పన్నెండు శాతానికి పైగా దట్టంగా ఉంటుంది. బయలుదేరేముందు, కారు ఇంకా ప్లగ్గులో ఉండగానే లోపల వేడెక్కించడం, దారిలో సీటు హీటరుతో సరిపెట్టుకోవడం, ఈ రెండింటి వల్ల నాకు నాలుగైదు మైళ్ళు తిరిగి వచ్చాయి. టెక్సస్ ఎండల్లో ఏసీ మాత్రం నేను భయపడినంత తినలేదు, రెండు మూడు మైళ్ళే తగ్గాయి. ఏసీ ఖర్చు దూరాన్ని బట్టి కాక కాలాన్ని బట్టి పెరుగుతుంది కనుక హైవే మీద మైలుకు దాని వాటా చిన్నది. వాన పడితే మాత్రం టైర్లు నీటిని తోసుకుంటూ పోవాలి కాబట్టి మరికొంత తగ్గుతుంది.

ఈ కారుకున్న పెద్ద సుగుణం, బ్యాటరీలో ఛార్జి ఉన్నంతసేపూ ఎంత గట్టిగా తొక్కినా ఇంజను జోక్యం చేసుకోకపోవడం. హైవే మీద ర్యాంపు ఎక్కి ఉరవడిగా కలవాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. హ్యూస్టన్ వంటి దూరప్రయాణాలకు నేను హోల్డ్ మోడ్ వాడతాను. ఇల్లు దాటి ఐ-45 హైవే ఎక్కగానే బ్యాటరీని అక్కడికక్కడ ఆపి, పెట్రోలుకు అప్పగిస్తాను. స్థిరమైన వేగం మీద ఇంజను పొదుపుగానే నడుస్తుంది. దాచిన విద్యుత్తు హ్యూస్టన్ ట్రాఫిక్‌లో ఖర్చయితే అదే యూనిట్లకు ఎక్కువ మైళ్ళు వస్తాయి. కొలరాడో వెళ్ళినప్పుడు రాటన్ కనుమ ఎక్కడానికి చాలా ముందే, ఎత్తు ఎక్కడానికి కొంత ఛార్జిని బ్యాటరీలో నిలిపి ఉంచే మౌంటెన్ మోడ్ వేశాను. చదునైన ఉత్తర టెక్సస్‌లో ఆ మీటతో మరో పని పడలేదు.

ఛార్జింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో 240 వోల్టుల లైను వేయించుకున్నాక ఖాళీ బ్యాటరీ నాలుగున్నర గంటల్లో నిండుతోంది. అంతకు ముందు మామూలు 120 వోల్టుల ప్లగ్గు మీద, 12 ఆంపియర్ల అమరికలో, పదమూడు గంటలు పట్టేది; 8 ఆంపియర్లకు మార్చి మరచిపోతే తెల్లారేసరికి సగమే. ఆఫీసులో రెండే ప్లగ్గులున్నాయి. మధ్యాహ్నం ఒక గంట దొరికినా సుమారు పది మైళ్ళు చేరి నా ఏడు మైళ్ళ లోటు తీరిపోతుంది కనుక, గంట కాగానే కారు తీసి పక్కవారికి చోటివ్వడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పటికి ఓడోమీటరు మీద 94,000 మైళ్ళు దాటాయి. కొత్తలో 14 యూనిట్లు వాడనిచ్చిన బ్యాటరీ ఇప్పుడు 13.5 ఇస్తోంది, అంటే 75 మీద 43 కాస్తా 41 అయింది. దీన్ని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉండడం వల్లనే టెక్సస్ ఎండలకు ఇంతగా తట్టుకుందని నా నమ్మకం. వోల్టు తయారీ 2019లోనే ఆగిపోయింది కనుక ఇకపై దొరికేవన్నీ వాడిన బండ్లే. కొనదలచినవారు పూర్తిగా ఛార్జి చేయించి, టోల్‌వే మీద ఇంజను అందుకునేదాకా నడిపి, తెర మీద ఎన్ని యూనిట్లు ఖర్చయినట్టు చూపిస్తోందో చూసుకోవాలి. మైళ్ళు నడిపినవారి పాదాన్ని బట్టి మారతాయి, యూనిట్లు అంతగా మారవు. ఆ అంకె 13 దాటితే, 75 మీద 40 మైళ్ళని లెక్క వేసుకుని బేరం మొదలుపెట్టవచ్చు.