మాన్యువల్ గేరా, ఎలక్ట్రిక్కా: డ్రైవింగ్ అంటే ఇష్టమున్నవాళ్లకి ఏది మేలు?

మైలేజీ, ధర, డిక్కీలో చోటు చూసి కారు కొనేవాళ్లకి ఇది పెద్ద ప్రశ్న కాదు. డ్రైవింగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకి మాత్రం తెగని పంచాయితీ. "గేరు మార్చకుండా నడిపితే అది డ్రైవింగేనా?" అని ఒకరు, "ఎలక్ట్రిక్ బండి పికప్ చూశాక మాట్లాడు" అని ఇంకొకరు.

పికప్ విషయంలో వాదనే లేదు. పెట్రోల్ ఇంజిన్ బాగా లాగాలంటే ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ తిరిగే వేగం, పెరగాలి. ఎలక్ట్రిక్ మోటార్ కదిలిన క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. అందుకే చాలా ఈవీల్లో గేర్లు మార్చే పనే లేదు. మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీ మోడల్ 6.7 సెకన్లలో గంటకి వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందని కంపెనీ లెక్క. ఆ ధరకి అంత వేగమున్న మాన్యువల్ దొరకడం కష్టం.

కానీ వేగం వేరు, నడిపే ఆనందం వేరు. శ్రీశైలం వెళ్తూ దోమలపెంట దాటాక కృష్ణ దగ్గరికి దిగే ఘాట్ తీసుకోండి. మలుపు ముందు బ్రేకు వేసి, క్లచ్ తొక్కి మూడు నుంచి రెండుకి వస్తూ, యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి క్లచ్ వదలాలి. ఆర్‌పీఎం సరిగ్గా కుదిరిందా, బండి కుదుపు లేకుండా రెండో గేరులో పడుతుంది, పక్క సీట్లో నిద్రపోతున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. కుదరకపోతే అందరికీ తెలుస్తుంది! ఈ పనితనం ఏళ్ల తరబడి మెరుగవుతూనే ఉంటుంది. మాన్యువల్ మీద మమకారమంతా ఇక్కడే ఉంది.

అదే ఘాట్‌లో ఈవీ కూడా తక్కువేం తినలేదు. దిగేటప్పుడు రీజెన్ (మోటారే బండి వేగం తగ్గిస్తూ కరెంటు తయారుచేయడం) బండిని పట్టి ఉంచుతుంది, బ్యాటరీ కొంచెం నిండుతుంది, బ్రేకులు అంతగా వేడెక్కవు. నెక్సాన్ ఈవీలో స్టీరింగ్ వెనక ఉండే చిన్న మీటలతో (ప్యాడిల్స్) రీజెన్ ఎంత కావాలో మార్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే రీజెన్ సరిగా పట్టదు. మలుపుల్లో బరువు కూడా తెలుస్తుంది. హ్యుందాయ్ వేగవంతమైన ఈవీ అయానిక్ 5 ఎన్ దాదాపు 2,200 కిలోలు. మాన్యువల్ అభిమానులు నెత్తిన పెట్టుకునే చిన్న స్పోర్ట్స్ కారు మాజ్దా ఎంఎక్స్-5 అందులో సగం.

ఆ అయానిక్‌లోనే హ్యుందాయ్ ఉత్తుత్తి గేర్లు పెట్టింది. ఎనిమిది గేర్ల బండిలా కుదుపు ఇస్తుంది, స్పీకర్లలో ఇంజిన్ శబ్దం వినిపిస్తుంది. టొయోటా అయితే ఒక ప్రయోగపు లెక్సస్ ఈవీలో క్లచ్ పెడల్, గేర్ రాడ్ కూడా బిగించింది. దీన్ని నకిలీ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. మలుపులోకి ఎంత వేగంతో వెళ్తున్నామో మీటర్ చూడకుండా చెవికి చెప్పేది గేరూ, ఇంజిన్ మోతే. నిశ్శబ్దంగా దూసుకుపోయే బండిలో ఆ సమాచారం తగ్గిపోతుంది.

ఇక అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు టైంలో హాఫ్ క్లచ్ మీద పాకడంలో ఆనందమేమీ లేదు, ఎడమ మోకాలి నొప్పి తప్ప. అక్కడ నా ఓటు పూర్తిగా ఈవీకే. పైగా తెలంగాణలో 2026 చివరి వరకు రోడ్ ట్యాక్స్ మినహాయింపు ప్రకటించారు.

రోజూ సిటీలో తిరగడానికి ఒక్క కారే కొంటున్నారంటే ఎలక్ట్రిక్ తీసుకోండి, ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలుంటేనే. ఇంట్లో ఇప్పటికే మంచి మాన్యువల్ ఉంటే మాత్రం అమ్మకండి. కొత్త మోడళ్లలో మాన్యువల్ ఏటేటా తగ్గిపోతోంది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ లాంటి స్పోర్టీ కారులోనే తీసేశారు.