గ్రేట్ డోర్సెట్ స్టీమ్ ఫెయిర్: ఒక బాయిలర్ మనిషి చూసిన రెండు రోజులు

చిన్నతనంలో నౌపడా స్టేషనులో పర్లాకిమిడి వెళ్లే చిన్న బండి పొగ పీల్చి, ఆ తర్వాత విజయనగరం జిల్లాలోని ఒక జూటు మిల్లులో ముప్పై ఏళ్లు బాయిలర్ అటెండెంటుగా పనిచేసిన నన్ను, 2018 ఆగస్టులో మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులోని ఈ ఆవిరి యంత్రాల ఉత్సవానికి తీసుకువెళ్లారు. 1969లో మొదలైన ఆ ఉత్సవానికి అది యాభయ్యవ సంబరం కావడంతో, టారంట్ హింటన్ అనే పల్లె పక్కన దాదాపు 600 ఎకరాల పొలాల్లో 500 ఆవిరి యంత్రాలను ఒకచోట చేర్చాలని నిర్వాహకులు సంకల్పించారు.

రైలు పట్టాలు లేకుండా నేల మీదే నడిచే ట్రాక్షన్ ఇంజన్లే ఇక్కడ ప్రధానంగా ఉండేవి. మ్యూజియంలో ఇంజను ఆకారం చూడగలమే గాని, బరువు మీద పడినప్పుడు అది ఎలా పనిచేస్తుందో ఇక్కడే చూడగలిగాను. పెద్ద బండి మీద మోయలేనంత బరువు పెట్టి, రెండు మూడు ఇంజన్లను వరుసగా తగిలించి మిట్ట ఎక్కిస్తుంటే, చిమ్నీలోంచి వచ్చే ఒక్కొక్క దరువు గుండెల్లో తగిలింది. దిగేటప్పుడు బాయిలర్‌లోని నీరు ముందుకు జారి, వెనకనున్న ఫైర్‌బాక్సు (బొగ్గు మండే గది) పైకప్పు మీద నీరు లేకుండా పోయే ప్రమాదం ఉంటుంది కనుక, డ్రైవరు నీటిమట్టం చూపే గేజి గ్లాసు మీంచి చూపు మరల్చకపోవడం గమనించి, ఆ భయం తెలిసినవాడిగా నేనూ ఊపిరి బిగపట్టాను.

నాకు అన్నిటికన్నా నచ్చినది దుక్కి. పొలానికి ఆ గట్టున ఒకటి, ఈ గట్టున ఒకటి ఫౌలర్ కంపెనీ ఇంజన్లు నిలబడి, బాయిలర్ కింద ఉన్న పెద్ద డ్రమ్ముకు ఇనుప తాడు చుట్టుకుంటూ మధ్యలోని నాగలిని అటూ ఇటూ లాగుతాయి. దూరాన ఉన్న డ్రైవర్లు ఈలలతోనే సంకేతాలు ఇచ్చుకుంటారు. ఆ పక్కనే ఇంజను ఫ్లైవీలుకు, అంటే పక్కనుండే పెద్ద చక్రానికి, బెల్టు తగిలించి గోధుమ పనలు నూర్చడం చూసినప్పుడు, ఎడ్లతో తొక్కించిన మా కళ్లం గుర్తొచ్చి అక్కడే గంటసేపు నిలబడిపోయాను.

ఊరూరా తిరిగే జాతరల కోసం చేసిన బరెల్ కంపెనీ ఇంజన్లు, మెలితిరిగిన ఇత్తడి స్తంభాలతో, ముందున్న కరెంటు పుట్టించే డైనమోతో రాత్రి దీపాలు వెలిగిస్తాయి. మా మనవరాలికి అవే నచ్చాయి. మిగిలిన దుకాణాలు, ఆటలు నేను పెద్దగా చూడలేదు.

ఆదివారం వాన కురిసి నేల బురదయింది కనుక పొడవాటి రబ్బరు బూట్లు తప్పనిసరయ్యాయి. నడక చాలా ఎక్కువైంది. మోకాళ్ల నొప్పులున్నవారు ఇలాంటి ఉత్సవాల్లో ఒక్కరోజులో అంతా చూడాలనుకోకూడదు.

2022 తర్వాత ఈ ఉత్సవం జరగలేదు. పిల్లల దగ్గరకు ఇంగ్లండు వెళ్లేవారు బెడ్‌ఫోర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్ పార్కులో సెప్టెంబరులో జరిగే ఆవిరి ఉత్సవాన్ని విచారించవచ్చు. ఏ ఉత్సవానికి వెళ్లినా తెల్లవారగానే వెళ్లండి. అప్పుడు డ్రైవర్లు చితుకులతో మంట రాజేసి, ప్రెషరు గేజి ముల్లు కదిలేదాకా కాటన్ వేస్టుతో ఇత్తడి తుడుస్తూ తీరికగా ఉంటారు. నేను బాయిలర్ మనిషినని తెలిసి ఒకాయన నా చేతికి పార ఇచ్చి, ఒక పారెడు బొగ్గు నన్నే వేయమన్నారు.