డిమ్మర్ కొనేవారికి హెచ్చరిక: ‘అన్ని ఎల్ఈడీ బల్బులకూ పనిచేస్తుంది’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

పడకగదిలో మామూలు లైటు స్విచ్చి తీయించి, వెలుతురు తగ్గించుకోవడానికి డిమ్మర్ పెట్టించుకోవాలనుకునేవారు దయచేసి ఇది చదివిన తరువాతే కొనండి. నేను ఆన్‌లైన్‌లో కొన్న డిమ్మర్ ప్రకటనలో అది 400 వాట్ల వరకు అన్ని రకాల ఎల్ఈడీ బల్బులకూ పనికివస్తుందని రాసి ఉంది. పెట్టె తెరిస్తే అందులోని కాగితంలో, చీమ తలకాయంత అక్షరాలతో, ఫిలమెంటు బల్బులకు మాత్రమేననీ, కనీస లోడు 60 వాట్లనీ ఉంది. ఇది పొరపాటు కాదని, తెలిసి చేసిన మోసమేనని నా అభిప్రాయం.

కనీస లోడు, అంటే డిమ్మర్‌కు కలిపిన బల్బుల మొత్తం వాట్లు ఇంతకు తగ్గకూడదన్న మాటను చాలామంది పట్టించుకోరు. మా గదిలో ఉన్నవి 9 వాట్ల బల్బులు మూడు, అంటే మొత్తం 27 వాట్లు. పాత పద్ధతి డిమ్మర్‌లో ట్రయాక్ అనే భాగం ఉంటుంది. అది మన 50 హెర్ట్జ్ కరెంటులో సెకనుకు 100 సార్లు, ప్రతి అర్ధచక్రం మొదటి భాగాన్ని ఆపి మిగిలినదాన్నే బల్బుకు వదులుతుంది. తన గుండా తగినంత కరెంటు ప్రవహించకపోతే అది నిలకడగా ఆన్‌లో ఉండలేదు కనుక, వెలుతురు తగ్గించిన ప్రతిసారీ బల్బులు మిణుకుమంటాయి. పైగా మామూలు ఎల్ఈడీ బల్బు లోపలి డ్రైవరు (ఎల్ఈడీకి తగిన కరెంటు అందించే సర్క్యూట్) ఇలా ముక్కలైన కరెంటు కోసం తయారైనది కాదు; ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ దెబ్బ దానిలోని కెపాసిటర్ మీద పడుతుంది. మా బల్బులు ఝుమ్మని మోగుతూ వచ్చి, వాటిలో ఒకటి కొద్దికాలానికే పాడైంది.

కాబట్టి డిమ్మర్ ఒక్కటే సరైనది కొంటే చాలదు, బల్బు పెట్టె మీద కూడా ‘డిమ్మబుల్’ అని స్పష్టంగా ఉండాలి. అంగళ్లలో దొరికే మామూలు ఎల్ఈడీ బల్బుల్లో చాలావరకు అలాంటివి కావు, అలాంటివాటికి ధర కూడా ఎక్కువ. డిమ్మబుల్ ఎల్ఈడీలకు సాధారణంగా ట్రెయిలింగ్ ఎడ్జ్ రకం (ప్రతి అర్ధచక్రం చివరి భాగాన్ని ఆపే) డిమ్మర్ నప్పుతుంది. డబ్బు కట్టకముందే లోపలి కాగితం ఫోటో పంపమని అమ్మకందారును అడగండి. పంపడానికి వెనకాడితే ఆ వస్తువు వదిలేయండి.

అసలు భయపడవలసిన సంగతి ఆ తరువాత జరిగింది. ఒకసారి బిగించిన వస్తువును వాపసు తీసుకోవడం కుదరదని చెప్పిన అమ్మకందారు, అదనంగా డబ్బు కడితే ఫోనుతో నడిచే స్మార్ట్ డిమ్మర్ ఇస్తానని, బిగించడానికి మనిషిని పంపాడు. దానికి న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కావాలి. మా స్విచ్ బాక్సులోకి ఫేజు, బల్బుకు వెళ్లే వైరు, ఎర్తు మాత్రమే వస్తాయి. వచ్చిన మనిషి ఎర్తు వైరునే న్యూట్రల్‌గా కలిపేస్తానన్నాడు. ఎవరు చెప్పినా దీనికి ఒప్పుకోకండి. ఎక్కడైనా ఆ ఎర్తు వైరు తెగితే, దానికి కలిసి ఉన్న ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్ల లోహపు భాగాలకు ఆ డిమ్మర్ గుండా కరెంటు చేరే ప్రమాదం ఉంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉంటే అది ఊరికే పడిపోతూ ఉండవచ్చు, అప్పుడు దాన్నే తీసేయమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. నేను పని ఆపించి, ఆ మనిషిని పంపేశాను.

డిమ్మర్ లేకపోతే ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టుకోమని చెప్పేవారి మాట కూడా వినకండి, అది ఎల్ఈడీ బల్బు కోసం తయారైనది కాదు.

ఇప్పటికే ఇలా డబ్బు పోగొట్టుకున్నవారు ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, లోపలి కాగితం ఫోటో, అమ్మకందారు రాతపూర్వక జవాబు భద్రపరచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ప్రకటన పేజీని తరువాత మార్చేస్తారు కనుక స్క్రీన్‌షాట్ ముందుగా తీసుకోండి.