అండమాన్ ప్యాకేజీ: పడవల ప్లానుకు పూర్తి మార్కులు, గదికి గుండు సున్నా

వైజాగ్ ద్వారకానగర్‌లో మేడ మీద ఉండే చిన్న ట్రావెల్స్ ఆఫీసు అది. పేరు రాయను. మెచ్చుకోవాల్సింది ఎంత ఉందో, దెబ్బలాడాల్సింది కూడా అంతే ఉంది, ఆ దెబ్బలాట ఇంకా నడుస్తోంది. వైజాగ్ నుంచి పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వెంటేసుకుని అండమాన్ వెళ్దామనుకునేవాళ్ళు ఇలాంటి ఆఫీసుకి దేనికి డబ్బులివ్వొచ్చో, దేనికి ఇవ్వక్కర్లేదో చెబుదామనే ఈ రివ్యూ.

వెళ్ళింది మేం ఐదుగురం. నేను, మా ఆయన, ఇంటర్ చదివే అమ్మాయి, మూడో క్లాసు బాబు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు. ముందు బాలి అనుకున్నాం. అత్తగారికి పాస్‌పోర్టు లేదు. పైగా విదేశీ ప్యాకేజీ అంటే టీసీఎస్ అనే పన్ను కూడా ముందే కట్టించుకుంటారు. తర్వాత రిటర్న్స్‌లో సర్దుకోవచ్చు నిజమే గానీ, రోజంతా అకౌంట్స్‌లో పనిచేసే నాకు సెలవుల్లో కూడా ఆ లెక్కలెందుకు?

అండమాన్ అనగానే మా అత్తగారు, "సముద్రం చూడ్డానికి సముద్రం దాటి ఎల్లాలేటే? ఆర్కే బీచికి ఏటయింది?" అన్నారు. ఆ మాటే ఆఫీసులో కుర్రాడికి చెప్పాను. నవ్వేసి ఊరుకుంటాడనుకున్నా. ప్యాకేజీ కాగితం వెనక్కి తీసుకుని, పెన్నుతో మూడు బీచ్‌లు కొట్టేశాడు. "మామ్మగారు అన్నది కరెక్టే మేడమ్. కానీ మన దగ్గర సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడమే చూస్తాం, సముద్రంలోకి దిగడం చూడం కదా. అందుకని హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్ మాత్రం ఉంచేస్తాను" అన్నాడు. మేం డబ్బు కట్టింది ఆ మాటకే.

బారాటాంగ్ దీవి కూడా అతనే వద్దన్నాడు. తెల్లారకముందే బయల్దేరాలి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్ కోసం ఆగాలి, తర్వాత పడవ, ఆ తర్వాత నడక. అంతా చేసి చూసేది సున్నపురాయి గుహలు. బొర్రా గుహలు పక్కనే పెట్టుకున్నవాళ్ళం మనం, దానికోసం పెద్దావిడ్ని అంత కష్టపెట్టాలా? ఆ దారి జరవాలనే ఆదివాసీల అడవిలోంచి వెళ్తుంది. మధ్యలో బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు. అయినా కొందరు ఆ మనుషుల్ని చూడ్డానికే వెళ్తారట. నాకు అలాంటి టూరు అక్కర్లేదు.

ఇక్కడ అందరూ అడిగేది ఓడ గురించి. వైజాగ్ పోర్టు నుంచి ప్యాసింజరు ఓడ ఉంది, కానీ నెలకు ఒకటో అరో, అటువైపు ప్రయాణమే రెండు రోజులు దాటుతుంది. పిల్లల సెలవులకీ దాని తేదీలకీ పొంతన కుదరదు. మేం చెన్నై మీదుగా విమానంలో వెళ్ళాం. ఆ టికెట్లు నేనే తీసుకున్నాను, అందులో ఏజెంటు చేసేదేమీ లేదు.

ఏజెంటు పనితనమంతా దీవుల మధ్య తిరిగే పడవల దగ్గరే. 2018లో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కి షహీద్ ద్వీప్ అనీ పేరు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. జనం ఇంకా పాత పేర్లే వాడుతున్నారు కాబట్టి నేనూ అవే రాస్తున్నాను, మీరు మాత్రం టికెట్లో రెండూ చూసుకోండి. మామూలు ప్యాకేజీల్లో దిగిన రోజే సెల్యులర్ జైలు, రాస్ దీవి తిప్పేసి, తర్వాత హేవ్‌లాక్, నీల్ చూపించి, విమానం ముందు రోజు సాయంత్రం వెనక్కి తెస్తారు. ఈ కుర్రాడు తిరగేశాడు. దిగిన రోజు విశ్రాంతి, మర్నాడే దీవులకి, జైలూ రాస్ దీవీ చిట్టచివర. "గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు మేడమ్. పోతే జైలు పోవాలి గానీ ఫ్లైటు పోకూడదు" అన్నాడు.

సరిగ్గా అదే జరిగింది. నీల్ నుంచి వెనక్కి రావాల్సిన పడవ ఆపేశారు. మాకు చెప్పింది పడవవాళ్ళు కాదు, ద్వారకానగర్ నుంచి ఇతనే ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, తర్వాతి పడవలో ఐదు సీట్లు వేయించాననీ, ఆధార్ కార్డులు చేతిలో పెట్టుకోమనీ చెప్పాడు. సీట్లు కింది అంతస్తులో, వెనకవైపు. ఊపు తక్కువగా ఉంటుందని కావాలనే అవి అడిగాడట. నీల్‌లో మా రిసార్ట్‌లోనే దిగిన విజయనగరం కుటుంబానికి ఆ సాయంత్రమే ఫ్లైటు. ఆ ఇంటాయన జెట్టీ దగ్గర ఫోన్ చెవిన పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేకపోయాం. మాకు పోయిందల్లా రాస్ దీవి. జైలు చూడగలిగాం.

1906లో కట్టడం పూర్తయినప్పుడు ఏడు రెక్కలుండేవట ఆ జైలుకి, ఇప్పుడు మూడే ఉన్నాయి. మెట్లెక్కలేక అత్తగారు కిందే కూర్చున్నారు. మన్యం తిరుగుబాటులో దొరికిన మన ఏజెన్సీ వాళ్ళని కూడా అండమాన్ పంపేశారని చెబితే, "మనోళ్ళనా?" అని అడిగి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాత్రి లైట్ అండ్ సౌండ్ షో టికెట్లు ప్యాకేజీలోనే ఉన్నాయి.

రాధానగర్‌కి మూడింటికే తీసుకెళ్ళారు. అంత తొందరేంటని మా ఆయన విసుక్కున్నారు. అక్కడ గడియారం మనదే గానీ పొద్దు మనది కాదు, చలికాలం ఐదు దాటితే చీకటి పడిపోతుంది. 2020లో మన రుషికొండతో పాటే, శుభ్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది. ఇసుక తెల్లగా, పిండిలా మెత్తగా ఉంది. లోతు మెల్లగా పెరుగుతుంది కాబట్టి బాబు మోకాలి లోతులో ఆడుకుంటుంటే ఆర్కే బీచ్‌లో లాగా చెయ్యి పట్టుకుని నిలబడాల్సిన టెన్షన్ లేదు. సూర్యుడు దిగుతుంటే అత్తగారు కుర్చీ నీళ్ళవైపు తిప్పించుకుని, "ఇదిగో, దీనికోసం రావచ్చే" అన్నారు.

ఇక గది. హేవ్‌లాక్‌లో సీ వ్యూ గది అని కాగితంలో పేరుతో సహా రాసిచ్చారు. తీరా వెళ్తే అది వేరే రిసార్ట్. కిటికీ తెరిస్తే జెనరేటర్ షెడ్డు. సముద్రం కనబడాలంటే వరండా చివరికెళ్ళి, రెండు కొబ్బరి చెట్లకీ నల్ల వాటర్ ట్యాంకుకీ మధ్యలోంచి తొంగి చూడాలి. ఫోన్ చేస్తే, రిసార్ట్ పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న "ఆర్ సిమిలర్" (లేదా అలాంటిదే) అన్న మాట చూపించారు. సిమిలర్ అంటే మంచాల సంఖ్యా, అద్దెనా, సముద్రమా? నేను రెండు చోట్లా అద్దె కనుక్కున్నాను, తేడా బాగానే ఉంది. ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్ళిందో నాకు తెలుసు. మీరు బుక్ చేస్తే ఆ రెండు మాటలు కొట్టేయించి, సంతకం పెట్టించుకుని గానీ అడ్వాన్సు ఇవ్వకండి. లేదా గదులు మీరే చూసుకుని, పడవలూ కారూ మాత్రం వాళ్ళకి వదిలేయండి.

తిండి గురించి భయం వద్దు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు బోలెడుమంది, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళే ఎక్కువ. మా డ్రైవర్‌ది సోంపేట దగ్గర. పప్పు, చేపల పులుసు దొరికే మెస్‌కి రోజూ అతనే తీసుకెళ్ళాడు. ప్యాకేజీలో రాసిన బఫే డిన్నర్ రెండో రోజు నుంచీ మానేశాం. కాబట్టి భోజనాలతో కలిపిన ప్లాను తీసుకోకండి.

స్కూబా, స్నార్కెలింగ్ అక్కడికి వెళ్ళాకే మాట్లాడుకోవచ్చు, రేటు కూడా తగ్గిస్తారు. స్కూబాకి పదేళ్ళు నిండాలి, అందుకే మావాడు ఒడ్డునే ఏడుస్తూ కూర్చున్నాడు. పగడాలూ గవ్వలూ పట్టుకురావడం నిషేధం. వాడి జేబులో మూడు గవ్వలుంటే ఎయిర్‌పోర్టుకి ముందే డ్రైవర్ తీయించేశాడు.

విమానం కాకుండా ఐదుగురికీ 1,60,000 రూపాయలు, దాని మీద 5 శాతం జీఎస్టీ. బిల్లు విడివిడిగా ఇవ్వమంటే మొదట నసిగారు, తర్వాత వాట్సాప్‌లో పంపారు. పడవల్లో వాళ్ళు వేసుకున్న లాభం తక్కువే, అది హక్కుగా సంపాదించుకున్నదే. గది తేడా వెనక్కివ్వమని ఆ బిల్లు పెట్టుకునే మెయిల్ చేశాను. సగం ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు.